పావు చుట్టు

షెడ్డుకు వచ్చేవాళ్ళంతా ఆయన్ని ఎదురుగా మేస్త్రి అని పిలుస్తారు, పక్కకు వెళ్ళాక డౌటు మేస్త్రి అంటారు. ఆ రెండో పేరు కూడా ఆయనకు తెలుసు. తన వెనక ఎవరేం అనుకుంటున్నారో కనిపెట్టడం ఆయనకు ఇంజను విప్పడమంత ఇష్టమైన పని.

కొత్త నట్ల పెట్టె మీద యాభై అని రాసి ఉంటే కూర్చుని లెక్కపెడతాడు. సరిగ్గా యాభై ఉన్న రోజున మొహం ముడుచుకుంటాడు, నలభై తొమ్మిది తేలిన రోజున ఆయనంత సంతోషంగా ఎవరూ ఉండరు. గోడ మీద ప్రతి స్పానరు వెనకా దాని ఆకారం ఎర్ర రంగుతో గీసి పెట్టుకున్నాడు, ఏది మాయమైనా ఖాళీ బొమ్మ పట్టిచ్చేయాలని. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూస్తాడు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఈ మనిషి దగ్గర ఆ భూతానికి ఆదివారం కూడా సెలవు లేదు.

అయితే అది ఊరికే అంటుకున్న రోగం కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన వేరే వాళ్ళ షెడ్డులో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం తోటి పనివాడు చక్రం బిగించేశానంటే నమ్మి, తాళం చెవి డ్రైవరు చేతిలో పెట్టి పంపించాడు. రెండు వీధులు దాటగానే చక్రం ఊడింది. డ్రైవరుకు మోకాలి పైదాకా కాలు తీసేశారు. అతను ఆసుపత్రిలో ఉన్న పదహారు రోజులూ ఈయన పోయి మంచం పక్కన నిలబడి వచ్చేవాడు. ఆ డ్రైవరు పల్లెత్తు మాట అనలేదు. అదే ఈయన్ని తినేసింది. తిట్టి ఉంటే ఎప్పటికో మర్చిపోయేవాడేమో. ఆనాటి నుంచి ఇంకొకరు బిగించిన నట్టును తాను పట్టి చూడకుండా ఏ బండినీ గేటు దాటనివ్వలేదు.

పట్టి చూడటమంటే ఊరికే ముట్టుకోవడం కాదు. స్పానరు పెట్టి ఇంకో పావు చుట్టు తిప్పాలి. అది తిరిగాక గాని ఆయన మనసు కుదుటపడదు.

తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ కిందట అందులోకి తోడల్లుడు వచ్చి చేరాడు, అంటే మేస్త్రి భార్య చెల్లెలి మొగుడు. ఇంట్లో కింద అక్క కాపురం, మేడ మీద చెల్లెలి కాపురం. షెడ్డు అక్కడికి రెండు వీధుల అవతల. తోడల్లుళ్ళకు ఒకరంటే ఒకరికి పడదని లోకంలో పేరు గాని, వీళ్ళిద్దరూ అన్నయ్యా తమ్ముడూ అని పిలుచుకుంటూ నెట్టుకొచ్చారు. తోడల్లుడు మాట తక్కువ మనిషి. పది మాటలు అడిగితే ఒకదానికి జవాబు చెప్పి, మిగతా తొమ్మిదింటికీ పని చేసి చూపించేవాడు.

తమ్ముడు రోజూ ఒంటిగంటకు భోజనానికి ఇంటికి వెళ్ళేవాడు. మలుపు తిరిగాడని రూఢి చేసుకున్నాక మేస్త్రి లేచి, పొద్దున తమ్ముడు బిగించిన నట్లన్నీ ఒక్కొక్కటే పావు చుట్టు తిప్పేవాడు. అవి తిరిగేవి. ఏ బండైనా సరే, ప్రతి నట్టూ సరిగ్గా పావు చుట్టు తిరిగి గట్టిగా ఆగిపోయేది. చూశావా, మళ్ళీ వదులుగా వదిలేశాడు అనుకునేవాడు మేస్త్రి. అలా పంతొమ్మిదేళ్ళు అనుకున్నాడు. ఆ సంగతి తమ్ముడి ముందు ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే చిన్నబుచ్చుకుంటాడు, మరదలు బాధపడుతుంది, అక్కాచెల్లెళ్ళ మధ్య చిచ్చు. పాపం, బిగించడం రాదు, మనమే కప్పిపుచ్చుకుంటే సరి అని తన పెద్ద మనసుకు తానే మురిసిపోయేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఈ పావు చుట్టు సంగతి లోకంలో ఎవరికీ తెలియదనే ఆయన ధీమా.

మొదటి ఏడాది ఒకే ఒక్కసారి ఒక స్టడ్డు విరిగింది. ఇంజనులోకి దిగేసి ఉండే మరమేకును స్టడ్డు అంటారు. దాని మీదే నట్టు బిగించాలి. బలం ఉంది కదా అని లాగేస్తావా అని మేస్త్రి తమ్ముణ్ణి నలుగురిలో కడిగేశాడు. తమ్ముడు తల వంచుకుని విన్నాడు. లోపల ఇరుక్కున్న ముక్కను తొలిచి తీయడానికి ఇద్దరికీ మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత ఆ షెడ్డులో స్టడ్డు విరిగింది లేదు.

ఇలా సాగుతుండగా వ్యానమ్మ బండి వచ్చింది. ఆవిడ బడిపిల్లల వ్యాను తనే నడుపుతుంది, అందుకే ఆ పేరు. పొద్దున్నే స్టార్టు చేయగానే టిక్కుటిక్కుమంటోందని, లోపలికి పొగ వాసన కొడుతోందని చెప్పింది. మేస్త్రి బానెట్టు ఎత్తకముందే జబ్బు చెప్పేశాడు. ఇంజను పక్క నుంచి నాలుగు గొట్టాలు బయటికొచ్చి, కిందికి వంగి ఒకటిగా కలుస్తాయి. షెడ్డుల్లో దాన్ని హెడ్డరు అంటారు. పొగంతా అందులోంచే సైలెన్సరుకు పోవాలి. హెడ్డరు ఇంజనుకు అతుక్కునే చోట సందు మూసే పలచటి గ్యాస్కెట్టు ఒకటి ఉంటుంది, దాన్ని ఎనిమిది నట్లు నొక్కిపెడతాయి. ఎక్కడ నొక్కు తగ్గితే అక్కడ పొగ చీల్చుకుని బయటపడుతుంది, ఆ దారంతా మసి పడుతుంది. ఈ వ్యానుకు మసి నాలుగో గొట్టం దగ్గర పడింది. అది ఇంజనుకు బాగా వెనక, చెయ్యి మెలితిప్పి దూరిస్తే గాని అందని చోటు.

తోడల్లుడు పాతది గీకేసి కొత్త గ్యాస్కెట్టు వేసి బిగించాడు. ఒంటిగంటకు మేస్త్రి తన పావు చుట్లు తాను తిప్పుకున్నాడు. ఆరు నట్లు ఎప్పటిలాగే తిరిగాయి. వెనకాల ఉన్న ఆఖరి రెండూ కదల్లేదు. తమ్ముడు ఈ రెండూ బాగానే బిగించాడే అని కాస్త ఆశ్చర్యపోయాడు కూడా. కుడి భుజంలో సూది గుచ్చినట్టయింది. ఈ చలికి పట్టేసింది కాబోలనుకుని స్పానరు గోడకు తగిలించాడు.

పది రోజులకు వ్యాను మళ్ళీ వచ్చింది. అదే టిక్కుటిక్కు, అదే నాలుగో గొట్టం, అదే మసి.

మేస్త్రి అనుమానం మొట్టమొదట విడిభాగాల కొట్టు మీదికి వెళ్ళింది. చిరిగిన గ్యాస్కెట్టు పట్టుకుపోయి కౌంటరు మీద పడేశాడు. నకిలీ సరుకు అంటగట్టావన్నాడు. ఇంకో కంపెనీది తీయించి, రెండింటినీ పక్క కిరాణా కొట్టు తక్కెడలో వేసి తూచాడు. ముల్లు మధ్యలోనే నిలబడింది. అయినా ఒప్పుకోలేదు, తక్కెడ మీద కూడా ఒక మాట అన్నాడు. విడిభాగాల కొట్టువాడు చేతులు జోడించి, ఇకనుంచి ఇంకెక్కడైనా కొనుక్కో అన్నా అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. వేరే కొట్టు నుంచి తెచ్చి వేసిన గ్యాస్కెట్టు తొమ్మిది రోజులే ఆగింది.

అప్పుడు అనుమానం వ్యానమ్మ మీదికి మళ్ళింది. ఆవిడ నీళ్ళగుంటల్లో తోలుతుందేమో, కాలిన గొట్టం మీద చన్నీళ్ళు పడి ఇనుము వంకర పోతోందేమో. రెండు రోజులు పొద్దున్నే స్కూటరేసుకుని వ్యాను వెనకే వెళ్ళాడు. మొదటి రోజు పిల్లలు వెనకద్దంలోంచి చేతులూపారు, రెండో రోజు నాలుకలు చాపారు. బడి గేటు దగ్గర కాపలా మనిషి స్కూటరు ఆపి, చిన్నపిల్లల బండి వెంట రెండు రోజులుగా ఎందుకు తిరుగుతున్నావని నిలదీశాడు. షెడ్డు అడ్రసు చెప్పించుకున్నాడు, పెద్దసారుకు చూపించాలని మొహం ఫోటో తీసుకున్నాడు. అనుమానపడేవాణ్ణి ఇంకొకడు అనుమానిస్తే ఎలా ఉంటుందో ఆ అరగంటలో మేస్త్రికి బాగా తెలిసొచ్చింది. తెలిసొచ్చిందే గాని, దానివల్ల నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు. వ్యానమ్మ గుంట కనిపిస్తే పక్క నుంచి పోనిచ్చే మనిషని మాత్రం తేలింది.

మూడోసారి ఇద్దరూ కలిసి శాస్త్రం ప్రకారం అన్నీ చేశారు. హెడ్డరు అంచు మీద తిన్నని ఇనప బద్ద పెట్టి, వెలుతురు ఎక్కడ దూరుతోందో చూసి, అరగదీయించి చదును చేశారు. స్టడ్లు ఎనిమిదీ మార్చారు. సైలెన్సరును మోసే రబ్బరు తెగి బరువంతా హెడ్డరు మీద వేలాడుతోందని కనిపెట్టి, అదీ కొత్తది వేశారు. మధ్య నట్ల నుంచి అంచులకు పోతూ వరసగా బిగించారు. ఒంటిగంటకు మేస్త్రి లేచి పావు చుట్లు తిప్పాడు. ఆరు తిరిగాయి, వెనకవి రెండూ మళ్ళీ కదల్లేదు. పన్నెండో రోజు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి వ్యాను గేటు బయట నిలబడి టిక్కుటిక్కుమంటోంది.

వ్యానమ్మ ఆ రోజు గొంతు పెంచలేదు. "నిన్న ఒక పాప దిగుతూనే వాంతి చేసుకుంది మేస్త్రీ. పెద్దసారు పిలిచి, ఇంకోసారి ఇలా అయితే వేరే బండి చూసుకుంటామన్నాడు. నేనూ వేరే షెడ్డు చూసుకోవాలి. బైపాస్ రోడ్డు మీద కొత్తది పెట్టారుగా." శుక్రవారం బండి తెచ్చి వదులుతానని, అదే ఆఖరు అని చెప్పి వెళ్ళిపోయింది.

బైపాస్ అన్న మాట మేస్త్రి చెవిలో ముల్లులా దిగింది. వారం కిందట ఆ కొత్త షెడ్డు యజమాని టీ కొట్లో తమ్ముడి భుజం మీద చెయ్యేసి మాట్లాడుతుంటే తన కళ్ళతో చూశాడు. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు కూర్చుని ఒక్కొక్కటే పేర్చుకున్నాడు. గ్యాస్కెట్టు మంచిదే, హెడ్డరు చదునుగానే ఉంది, స్టడ్లు కొత్తవి, డ్రైవరమ్మ మంచిది. వెనక నట్లు బిగిసే ఉన్నాయని తానే స్పానరు పెట్టి చూశాడు. బిగిసిన నట్టు దానంతట అది వదులవదు. తాను భోజనానికి పోయాక ఎవరో దాన్ని వదులు చేస్తున్నారు. ఆ వేళకు షెడ్డులో ఉండేది ఒక్కడే. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ పొగ పుష్కలంగా వస్తోంది.

ఇంటి దగ్గర ఇంకొకటి కనబడింది. సాయంత్రం చెప్పులు విప్పుతుంటే మేడమెట్ల కింద తన భార్యా తమ్ముడూ గుసగుసలాడుకుంటున్నారు. ఈయన్ని చూడగానే ఆపేశారు. ఏమిటి సంగతని అడిగితే, గ్యాసు బండ అయిపోవచ్చింది, మరిదిని తెమ్మంటున్నానని భార్య చెప్పింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ తడబడటం ఆయన చూశాడు. తిన్నాక వంటింట్లోకి పోయి బండ పట్టి ఊపాడు. నిండుగా ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఓపిక లేదు కాబోలు, నాకుందిలే అనుకున్నాడు మేస్త్రి. ఆ రెండు రోజులూ ఆయనకు అన్నం సయించలేదు. పంతొమ్మిదేళ్ళు పక్కన పెట్టుకున్న మనిషి, ఎవరి పిల్లలను తన పిల్లలతో కలిపి బడికి పంపాడో ఆ మనిషి, బైపాస్‌వాడి కోసం చిన్నపిల్లలు పొగ పీలుస్తున్నా చూస్తూ ఊరుకున్నాడా. కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది, దాన్ని కోపం చేసుకోవడానికి శుక్రవారం పొద్దుటి దాకా పట్టింది.

శుక్రవారం పొద్దున చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటూ భార్యతో చెప్పేశాడు. "ఇవాళ్టితో తమ్ముడికీ షెడ్డుకీ సరి. సాయంత్రానికి మేడ ఖాళీ చేయమని మీ చెల్లెలికి చెప్పు."

ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టి, ఏమైందని అడిగింది. ఏమైందో సాయంత్రం చెబుతానన్నాడు. అంత మాట మీ నోటితో మీరే చెప్పుకోండి, నన్నెందుకు మధ్యలోకి లాగుతారని ఆవిడంది. నువ్వే చెప్పు అని ఇటు తిరిగి చూడకుండా బయటపడ్డాడు. మరదలి మొహం చూసి ఆ మాట అనగలిగే ధైర్యం ఆయనకు లేదు.

షెడ్డులో తోడల్లుడు నాలుగోసారి గ్యాస్కెట్టు వేసి, బిగించి, ఒంటిగంటకు వెళ్ళాడు. మేస్త్రి లేచి పావు చుట్లు తిప్పాడు. ఆరు తిరిగాయి, రెండు కదల్లేదు. ఆ పైన సన్న కుంచె తీసుకుని, తెల్లరంగుతో ప్రతి నట్టు మీదా ఒక గీత గీసి, అదే గీతను పక్కనున్న హెడ్డరు అంచు మీదికి పొడిగించాడు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలై పట్టిచ్చేస్తుంది. వెనక నట్లు కళ్ళకు అందవు కాబట్టి, పుల్లకు అతికించిన చిన్న అద్దాన్ని లోపల పెట్టి చూసుకుంటూ, కుంచెకు తీగ కట్టి గీశాడు. తమ్ముడు వచ్చాక, భోజనానికి వెళ్తున్నానని చెప్పి ఇంటికి పోలేదు, బ్యాటరీల కొట్లో గంటసేపు కూర్చున్నాడు. మూడింటికి వచ్చి, తమ్ముణ్ణి టైర్ల గదికి పంపి, అద్దం దూర్చి చూశాడు. ఆరు గీతలు తిన్నగా ఉన్నాయి. ఆఖరి రెండు నట్ల మీదివి తెగి, ఎడమకు జరిగాయి. ఎడమకంటే వదులు చేసినట్టు. దొంగ దొరికాడు గాని, నలభై తొమ్మిది నట్ల పెట్టె దొరికినప్పటి సంతోషం మాత్రం రాలేదు.

"తమ్ముడూ, ఇలా రా. ఈ వెనక నట్లు రెండూ ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు.

కాదంటాడని, బుకాయిస్తాడని రెండు రోజులుగా మాటలు సిద్ధం చేసుకున్నాడు మేస్త్రి. ఇలా ఒప్పుకునేసరికి ఏం మాట్లాడాలో తోచక, గీతలు గీసి పట్టిన సంగతితో సహా అన్నీ ఒక్కసారే కక్కేశాడు. బైపాస్‌వాడు చెప్పాడా వదులు చేయమని, నా పేరు పాడైతే వాడు నీకు కుర్చీ వేస్తానన్నాడా, మీ వదినకు కూడా వాటా ఉందా ఇందులో అని అడిగాడు. తోడల్లుడు అంతా విని, తడిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"గీత ఎటు జరిగిందన్నారు?"

"ఎడమకి."

"అద్దంలో ఎడమంటే ఏమిటన్నయ్యా?"

పనిలో చేరిన మొదటి నెలలో నేర్పే పాఠం అది. అద్దంలో కుడి ఎడమవుతుంది. నట్లు రెండూ వదులు కాలేదు, బిగిశాయి. నలభై ఏళ్ళు అద్దం పెట్టి ఇంజన్లు చూసిన మనిషి, దొంగను పట్టే తొందరలో అది మర్చిపోయాడు.

తోడల్లుడు ఇంకేమీ అనకుండా స్పానరు తీసుకుని, వెనక్కి చెయ్యి దూర్చి, మేస్త్రి చూస్తుండగానే ఒక నట్టును అరచుట్టు వదులు చేశాడు. స్పానరును దాని మీదే ఉంచి, "ఇప్పుడు మీరు బిగించండి," అన్నాడు.

మేస్త్రి చెయ్యి పెట్టి లాగాడు. స్పానరు కదల్లేదు. భుజంలో మంట మెడదాకా పాకింది, వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. తన కళ్ళముందు వదులు చేసిన నట్టు, తన చేతికి మాత్రం రాయిలా బిగిసి ఉంది. నట్టు కదలకపోతే బిగిసినట్టే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కదలనిది నట్టు కాదని అప్పుడు అర్థమైంది. ఆయన కిందికి దిగి, చక్రం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

తోడల్లుడు అంత పొడుగ్గా మాట్లాడటం ఆ షెడ్డు అంతకుముందు వినలేదు. మొదటి ఏడాది ఆ స్టడ్డు విరిచింది తాను కాదన్నాడు. తాను పూర్తిగా బిగించి భోజనానికి బయల్దేరి, మర్చిపోయిన గొడుగు కోసం వెనక్కి వస్తే, అన్నయ్య స్పానరేసి దాన్ని ఇంకా తిప్పుతూ కిటికీలోంచి కనబడ్డాడు. మర్నాడు అది విరిగింది.

"అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. అప్పటి నుంచి మీ పావు చుట్టుకు చోటు వదిలే బిగిస్తున్నాను. పూర్తిగా బిగిస్తే మీరొచ్చి విరుస్తారు. పావు వదిలితే మీకూ తృప్తి, బండికీ మంచిది."

పంతొమ్మిదేళ్ళుగా ప్రతి నట్టూ సరిగ్గా పావు చుట్టే ఎందుకు తిరిగేదో మేస్త్రికి తెలిసింది. తమ్ముడికి బిగించడం రాదని తాను జాలిపడిన ప్రతి మధ్యాహ్నం, తన కోసం కొలిచి వదిలినదాన్ని తిప్పి మురిసిపోయాడన్నమాట.

వెనక నట్ల సంగతి తనకూ మొన్నటి దాకా అంతుపట్టలేదన్నాడు తోడల్లుడు. అన్నయ్యకు చెయ్యి పైకి లేవడం లేదని, గడ్డం గీసుకునే పెట్టె పై అరలోంచి కింది అరలోకి వదినే మార్చినా ఆయన ఎందుకని కూడా అడగలేదని, డాక్టరు మాట ఎత్తితే చలి అంటున్నాడని వదిన మెట్ల కింద చెప్పింది. అప్పుడు వెలిగింది తనకు. ముందు నట్ల దగ్గర చెయ్యి తిన్నగా ఉంటుంది, ఎలాగో లాగుతున్నాడు. వెనకవాటికి మెలితిప్పి లాగాలి, అక్కడ పావు చుట్టు పావు చుట్టుగానే మిగిలిపోతోంది. అందుకే ఇవాళ అన్నయ్య బయటికి వెళ్ళాక ఆ రెండూ తానే బిగించాడు. "బైపాస్ ఆయన రమ్మన్నాడు. రానన్నాను," అని చివర్లో చేర్చాడు, అదేదో చిన్న సంగతైనట్టు.

నాలుగింటికి వ్యానమ్మ వచ్చింది. అప్పటికి తోడల్లుడు వదులు చేసిన నట్టు బిగించి, ఇంజను స్టార్టు చేసి, అతుకు చుట్టూ సబ్బునీళ్ళు పోశాడు. ఒక్క బుడగ లేవలేదు. ఆవిడకు మేస్త్రే చెప్పాడు, ఇన్నాళ్ళూ లోపం నా చేతిలోనే ఉందమ్మా, బండిలో కాదని. వ్యానమ్మకు సగం అర్థమైంది, పొగ వాసన పోయిందిగా అని బయల్దేరింది. ఆ వ్యాను మళ్ళీ ఎప్పుడూ ఆ పని మీద షెడ్డుకు రాలేదు.

షెడ్డు మూస్తుండగా పొద్దుటి మాట మేస్త్రికి గుర్తొచ్చింది. ఇంటికి ఫోను చేశాడు, ఎవరూ ఎత్తలేదు. భార్య సంగతి తనకు తెలుసు, తన కోపపు మాటలను రెండు రోజులు నాన్చి, చల్లారాక నవ్వుతూ తిరిగిచ్చే మనిషి. ఇదీ అలాగే చేసి ఉంటుందని ధైర్యం చెప్పుకున్నాడు. అయినా అడుగులు తొందరపడ్డాయి, తోడల్లుడు పక్కనే మామూలుగా నడిచి వస్తున్నాడు.

మేడమెట్ల కింద చుట్టిన పరుపులున్నాయి, గిన్నెల మూటలున్నాయి, రెక్కలు విప్పిన ఫ్యానుంది, పెద్ద ఇనప ట్రంకుపెట్టె ఒకటి ఉంది. మరదలు ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉంది. గుమ్మంలో మేస్త్రి భార్య, ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో నిలబడింది. ఈసారి ఆవిడ మాట నాన్చలేదు, మధ్యాహ్నం మరిది తిని షెడ్డుకు వెళ్ళగానే చెప్పేసింది. చెల్లెలిది పౌరుషం, విన్న గంటలో సర్దడం మొదలుపెట్టింది. మొగుడికి కబురు కూడా పంపలేదు, పిల్లల బండి పని మధ్యలో వదిలేసి వస్తాడని.

"సాయంత్రం లోగా అన్నారట బావగారూ. సర్దేశాం," అంది లేవకుండా.

తోడల్లుడు సామాను వంక చూశాడు, భార్య వంక చూశాడు, చివరికి మేస్త్రి వైపు తిరిగాడు.

"నేనే చెప్పాను తమ్ముడూ. పొద్దున," అన్నాడు మేస్త్రి.

"పొద్దునా. అంటే గీతలు గీయకముందే." అన్నాడు తోడల్లుడు. "నా చేతిని మీరు నమ్మరని నాకు తెలుసన్నయ్యా. సర్దుకుపోయాను. మనిషినే నమ్మరని తెలియదు."

మేస్త్రి వంగి ట్రంకుపెట్టె పిడి పట్టుకున్నాడు. కుడిచెయ్యి రాలేదు. ఎడమచేత్తో ఈడ్చి ఒక మూల మొదటి మెట్టు మీదికి ఎక్కించాడు, అది జారి కిందపడింది. మళ్ళీ ఎక్కించాడు. మరదలు పక్కకు జరిగింది గాని చెయ్యి వేయలేదు.

"కాస్త పట్టుకో తమ్ముడూ. నా ఒక్కడి వల్ల కావడం లేదు."

తోడల్లుడు ఉన్నచోటే నిలబడ్డాడు. వస్తాడో రాడో, వచ్చినా పెట్టెను పైకి మోస్తాడో వీధిలోకి మోస్తాడో మేస్త్రికి తెలియలేదు. ఎవరి మనసులో ఏముందో కనిపెట్టగలనని జీవితమంతా విర్రవీగిన మనిషి, ఆ క్షణాన పక్కనున్న మనిషి మొహంలో ఏమీ చదవలేకపోయాడు. చాలాసేపటికి తోడల్లుడు వచ్చి, పెట్టెకు కింది వైపు పిడి పట్టుకున్నాడు. మెట్లెక్కేటప్పుడు బరువంతా కింద ఉన్నవాడి మీదే పడుతుంది.

మేస్త్రి ఎడమచేత్తో పై పిడి పట్టుకుని, వెనక్కి వెనక్కి ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ మెట్లు ఎత్తూ పల్లమూ, ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. మలుపు దగ్గరికి వచ్చాక కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాడు.

"ఇంకో మెట్టుంది. కాస్త ఎడమకి," అన్నాడు తోడల్లుడు కింద నుంచి, ఆయాసంతో.

మేస్త్రి చూడటానికి మెడ తిప్పబోయాడు. తిప్పబోయి ఆపుకుని, చూడకుండానే కాలు వెనక్కి వేశాడు.